ఎవరొచ్చినా చదువు చెప్పిన గురువు – కన్ఫ్యూషియస్



సెప్టెంబరు గోడపత్రిక కాబట్టి గురువుల గురించి రాయాలన్నారు. రాధాకృష్ణన్ గారి గురించి ప్రతి ఏడూ ఎవరో ఒకరు రాస్తారు. ఈసారి ఎనిమిదో తరగతి వాళ్ళు రాస్తున్నారు. అందుకని నేను చైనా దేశపు గురువు కన్ఫ్యూషియస్ జీవితం రాస్తున్నాను. తైవాన్‌లో ఆయన పుట్టినరోజనే సెప్టెంబరు 28న ఉపాధ్యాయ దినోత్సవం చేసుకుంటారు.

కన్ఫ్యూషియస్ అనేది ఆయన అసలు పేరు కాదు. ఇంటిపేరు కాంగ్, పేరు చ్యూ. చైనాలో కూడా మనలాగే ఇంటిపేరు ముందు వస్తుంది. చ్యూ అంటే గుట్ట అని అర్థం. ఆయన్ని గౌరవంగా కాంగ్ ఫూజీ, అంటే కాంగ్ గురువు గారు అని పిలుస్తారు. చాలా కాలం తరవాత యూరప్ నుంచి వచ్చిన ఫాదర్లకు ఆ పేరు నోరు తిరగక కన్ఫ్యూషియస్ అని రాసుకున్నారు. లోకమంతా అదే నిలిచిపోయింది. గుట్ట అనే పేరు నాకు నచ్చింది. మనకు చుట్టూ అవే కదా.

ఆయన క్రీ.పూ. 551లో లూ అనే చిన్న రాజ్యంలో పుట్టాడు. (చిన్న తరగతుల వాళ్ళకు: క్రీ.పూ. అంటే సంవత్సరాలు వెనక్కి నడుస్తాయి. 551 తరవాత 550 వస్తుంది.) దాదాపు మన బుద్ధుడి కాలం అన్నమాట. ఆ ఊరు ఇప్పటి షాన్‌డాంగ్ రాష్ట్రంలో చూఫూ దగ్గర ఉంది. అప్పుడు చైనా ఒక్క దేశంగా లేదు. జౌ వంశం రాజు ఒకడు పైన ఉన్నా పేరుకే. కింద చిన్న చిన్న రాజ్యాలు ఒకదాన్నొకటి కొట్టుకుంటూ ఉండేవి. దొరలు యుద్ధం చేస్తే రైతులు చచ్చేవారు.

తండ్రి పేరు షూలియాంగ్ హె. ఆయన సైనికుడు, చాలా బలశాలి. ఒక కోట ముట్టడిలో శత్రువులు పైనుంచి తలుపు దించేస్తే, దాన్ని చేతులతో ఎత్తి పట్టుకుని లోపల ఇరుక్కున్న తోటి సైనికులను బయటికి పంపాడట. ఆయనకు ముందే తొమ్మిది మంది కూతుళ్ళు. ఒక కొడుకు ఉన్నాడు గానీ అతనికి కాళ్ళు సరిగా లేవు. అందుకని కొడుకు కావాలని ముసలితనంలో యాన్ ఝెంగ్ జాయ్ అనే చిన్న వయసు అమ్మాయిని చేసుకున్నాడని పాత పుస్తకాలు చెబుతున్నాయి. వాళ్ళకు పుట్టినవాడే ఈయన. ఆ తొమ్మిది మంది అక్కల పేర్లు ఎక్కడా కనబడలేదు. నేను వెతికాను.

ఆయనకు మూడేళ్ళు ఉన్నప్పుడే తండ్రి పోయాడు. తల్లి ఒక్కతే పెంచింది. ఇంట్లో పేదరికం. తల్లి కూడా త్వరగానే చనిపోయింది. అప్పటికి తండ్రి సమాధి ఎక్కడుందో ఆయనకు తెలియదు, తల్లి ఎప్పుడూ చెప్పలేదట. ఇద్దరినీ ఒకచోటే పూడ్చాలి కదా. తల్లి శవపేటికను దారి పక్కన ఉంచి, కనబడిన వాళ్ళందరినీ అడిగాడు. చివరికి ఒక ముసలమ్మ చూపించింది. ఈ సంగతి సిమా చియన్ అనే చరిత్రకారుడు రాశాడు. ఆయన కన్ఫ్యూషియస్ పోయిన దాదాపు 400 ఏళ్ళకు రాశాడు కాబట్టి నేను అక్కడక్కడా అట, అట అని రాస్తున్నాను. విన్నది విన్నట్టు రాయాలి కదా.

19 ఏళ్ళకు పెళ్ళయింది. కొడుకు పుడితే లూ రాజు ఒక పెద్ద చేపను బహుమతిగా పంపాడట. అందుకని కొడుక్కి లీ అని పేరు పెట్టాడు. లీ అంటే ఆ జాతి చేపే. బతకడానికి ఆయన ఒక దొర దగ్గర ధాన్యం కొట్లకు లెక్కలు రాశాడు. తరవాత గొర్రెలను, పశువులను చూసుకునే పని చేశాడు. లెక్క ఎప్పుడూ తప్పలేదు, పశువులు బాగా బలిశాయి. పెద్దవాడయ్యాక కూడా ఈ పనులను దాచుకోలేదు. చిన్నప్పుడు బీదవాణ్ణి కాబట్టే చేతిపనులు చాలా వచ్చాయని శిష్యులకు చెప్పేవాడు.

మరి చదువు ఎలా వచ్చింది? ఒక గురువు దగ్గర కూర్చుని నేర్చుకోలేదు. ఎవరికి ఏది తెలిస్తే వాళ్ళను అడిగేవాడు. ఒకసారి లూ రాజ్యంలో పెద్ద గుడికి వెళ్ళి ప్రతిదీ అడుగుతుంటే, ఈయనకు పూజల పద్ధతులన్నీ తెలుసన్నారే, ఇలా అడుగుతున్నాడేంటి అని అక్కడివాళ్ళు ఎగతాళి చేశారు. అలా అడగడమే పద్ధతి అని ఆయన జవాబిచ్చాడు. క్లాసులో డౌటు అడిగితే వెనక బెంచీ నుంచి నవ్వేవాళ్ళు మన దగ్గరా ఉన్నారు. పేర్లు రాయను.

ఆ రోజుల్లో చదువంటే దొరల పిల్లలకే. మర్యాదలు, సంగీతం, బాణం వేయడం, రథం తోలడం, రాయడం, లెక్కలు అని ఆరు విద్యలు ఉండేవి. రైతు కొడుక్కి ఇవి ఎవరూ నేర్పరు. కన్ఫ్యూషియస్ ఇల్లే బడి చేసుకుని, వచ్చినవాళ్ళందరికీ చెప్పడం మొదలుపెట్టాడు. కులం, డబ్బు అడగలేదు. ఫీజు ఒక ఎండు మాంసం కట్ట. అంతకంటే ఇవ్వలేనివాణ్ణి కూడా వెనక్కి పంపలేదు.

ఎండు మాంసం అనగానే నాకు మా ఇంట్లో పొయ్యి పైన వేలాడదీసే ముక్కలు గుర్తొచ్చాయి. నన్ను ఈ బడిలో చేర్చినప్పుడు మా నాన్న చేతిసంచీలో చింతపండు తెచ్చాడు. మా ఇంట్లో నాకంటే ముందు బడికి వెళ్ళినవాళ్ళు లేరు. బడికి వెళితే ఏదో ఒకటి తీసుకెళ్ళాలనుకున్నాడు. సార్ వద్దన్నారు, నాన్న వినలేదు. చివరికి అది హాస్టల్ వంటింట్లోకి వెళ్ళి సాంబారులో పడింది. అప్పుడు నాకు సిగ్గేసింది. ఇప్పుడు వేయడం లేదు.

ఆయన శిష్యులు 3,000 మంది అని సిమా చియన్ రాశాడు. అందులో కొందరి గురించి చెప్పకపోతే ఈ కథ కాదు.

జిలూ అనేవాడు మొరటు మనిషి. మొదట కోడి ఈకల టోపీ పెట్టుకుని, అడవి పంది తోలు కట్టుకుని వచ్చి గురువునే బెదిరించాడు. కన్ఫ్యూషియస్ కొట్లాడలేదు, మంచిగా మాట్లాడి దారికి తెచ్చాడు. తరవాత జిలూ చచ్చేదాకా గురువును వదల్లేదు. తప్పనిపిస్తే గురువును ముఖం మీదే తిట్టింది కూడా అతనే.

యాన్ హుయ్ చాలా బీదవాడు. ఇరుకు సందులో ఉండేవాడు. వెదురు బుట్టలో ఇంత అన్నం, సొరకాయ బుర్రలో నీళ్ళు, అంతే అతని ఆస్తి. అయినా ముఖంలో సంతోషం పోయేది కాదు. శిష్యులందరిలో కన్ఫ్యూషియస్‌కు ఇతనంటే ప్రాణం. సొరకాయ బుర్ర మా తాతకు ఇప్పటికీ ఉంది. చైనా వాళ్ళకూ ఉండేదని చెబితే తాత నమ్మలేదు.

రాన్ యుంగ్ తండ్రిని లోకం తక్కువవాడిగా చూసేది. కానీ కన్ఫ్యూషియస్ రాన్ యుంగ్ రాజు కుర్చీలో కూర్చోదగినవాడన్నాడు. తండ్రి ఎవరైతే ఏంటి, కొడుకును చూడండి అని ఆయన ఉద్దేశం. జిగాంగ్ వ్యాపారం చేసి బాగా సంపాదించినవాడు, మాటకారి. గాంగ్ యే ఛాంగ్ జైలుకు వెళ్ళొచ్చాడు. అతని తప్పేమీ లేదని కన్ఫ్యూషియస్ తన కూతుర్నే ఇచ్చి పెళ్ళి చేశాడు. జైలుకు వెళ్ళొచ్చినవాడికి పిల్లనివ్వడం మా గూడెంలో కూడా ఎవరూ చేయరు.

పాఠం ఎలా చెప్పేవాడో ఒకటి రాస్తాను. ఒక మంచి పని గురించి వినగానే వెంటనే చేసేయాలా అని జిలూ అడిగాడు. తండ్రి, అన్న ఉండగా వాళ్ళను అడక్కుండా ఎలా చేస్తావు, ఆగు అన్నాడు. ఇదే ప్రశ్న రాన్ చ్యూ అనే ఇంకో శిష్యుడు అడిగితే, వెంటనే చెయ్యి అన్నాడు. రెండూ విన్న మూడో శిష్యుడు తికమకపడి, ఎందుకిలా అని అడిగాడు. జిలూ దూకుడు మనిషి కాబట్టి వెనక్కి లాగాను, రాన్ చ్యూ భయస్తుడు కాబట్టి ముందుకు తోశాను అని గురువు చెప్పాడు. నేను ఇది మూడుసార్లు చదివాను. 60 మంది ఉన్న క్లాసులో ఎవరు దూకుడు, ఎవరు భయం అని చూడటం కష్టమే. కానీ మనకూ అలా చూసే మేడం ఒకరున్నారు.

ఇంకోటి. ఒక గుడ్డి సంగీత విద్వాంసుడు ఆయన్ని చూడటానికి వచ్చాడు. కన్ఫ్యూషియస్ లేచి ఎదురెళ్ళి, ఇక్కడ మెట్టుంది, ఇక్కడ చాప ఉంది, మీ కుడి పక్కన ఫలానా ఆయన, ఎడమ పక్కన ఫలానా ఆయన అని ఒక్కొక్కటీ చెప్పి కూర్చోబెట్టాడు. ఆయన వెళ్ళాక శిష్యులు అడిగితే, గుడ్డివారితో ఉండాల్సిన పద్ధతి ఇదే అన్నాడు.

ఇంత మంచి గురువు దగ్గర ఆడపిల్ల ఒక్కతీ లేదు. శిష్యుల పట్టీలో ఒక్క ఆడ పేరు లేదు. ఎండు మాంసం కట్ట పట్టుకుని ఒక అమ్మాయి ఆ గుమ్మం దగ్గరికి వెళ్ళి ఉంటే ఏమనేవాడో? వెళ్ళే ధైర్యం ఎవరికి ఉంటుంది. పైగా ఒకచోట ఆడవాళ్ళనూ అల్పబుద్ధి మనుషులనూ ఒకే గాటన కట్టి, వీళ్ళతో వేగడం కష్టం అన్నట్టు మాట్లాడాడు. ఆ మాటకు అర్థం అది కాదు, ఇంకోటి అని పండితులు ఇప్పటికీ వాదించుకుంటారు. నాకు మాత్రం అది చదివాక కోపం వచ్చి, ఇంకొకరి గురించి రాద్దామనుకున్నాను. మా లైబ్రరీ మేడం గారు కోపమొస్తే అది కూడా రాయి అన్నారు. అందుకని రాశాను.

50 ఏళ్ళు దాటాక ఆయనకు లూ రాజ్యంలో ఉద్యోగాలు వచ్చాయి. నేరాలు విచారించే మంత్రి దాకా ఎదిగాడు. ఆ రోజుల్లో ఒకసారి గుర్రాల పాక తగలబడింది. ఆయన కొలువు నుంచి రాగానే మనుషులకు దెబ్బలు తగిలాయా అని అడిగాడు, గుర్రాల ఊసు ఎత్తలేదు. అప్పట్లో పాకలో పనిచేసేవాడి కంటే గుర్రం ఖరీదు ఎక్కువ. అందుకే ఈ చిన్న విషయం శిష్యులు రాసిపెట్టుకున్నారు.

లూ రాజ్యం బాగుపడుతోందని పక్కనున్న చీ రాజ్యానికి భయం వేసింది. వాళ్ళు 80 మంది నాట్యకత్తెలను, 120 గుర్రాలను లూ రాజుకు బహుమతిగా పంపారట. రాజు, పెద్ద మంత్రి ఆ ఆటల్లో పడి మూడు రోజులు కొలువే చేయలేదు. కన్ఫ్యూషియస్ విసిగిపోయి క్రీ.పూ. 497లో రాజ్యం వదిలి వెళ్ళిపోయాడు. ఆడవాళ్ళ వల్ల రాజ్యం చెడిందని ఈ కథ చెబుతారు. ఆ 80 మందిని ఎవరైనా అడిగారా మీరు వెళతారా అని? గుర్రాలతో పాటు తోలేశారు.

అక్కడి నుంచి 14 ఏళ్ళు తిరుగుడే. వెయ్, సాంగ్, చెన్, త్సాయ్ ఇలా రాజ్యాల వెంట తిరిగాడు. తన మాట విని ప్రజలను బాగా చూసుకునే రాజు ఒక్కడైనా దొరుకుతాడని ఆశ. అందరూ మర్యాద చేశారు, ఎవరూ ఉద్యోగం ఇవ్వలేదు. ఒక ఊళ్ళో ఆయన్ని వేరే దుర్మార్గుడనుకుని చుట్టుముట్టారు. ఇంకోచోట ఆయన చెట్టు కింద ఉంటే చంపడానికి ఆ చెట్టునే కూల్చేశారు. ఝెంగ్ అనే రాజ్యంలో శిష్యుల నుంచి తప్పిపోయి కోట గుమ్మం దగ్గర ఒక్కడే నిలబడ్డాడు. జిగాంగ్ వెతుకుతుంటే ఒకతను, అక్కడొక ముసలాయన దిక్కులేని కుక్కలా నిలబడ్డాడు అన్నాడు. జిగాంగ్ ఆ మాట దాచకుండా గురువుకు చెప్పేశాడు. ఆయన పకపకా నవ్వి, కుక్క మాట మాత్రం నిజమే అన్నాడు.

చెన్, త్సాయ్ రాజ్యాల మధ్య అయితే తిండే లేకుండా పోయింది. ఏడు రోజులు అంటారు. శిష్యులు లేవలేని స్థితి. కన్ఫ్యూషియస్ మాత్రం తీగల వాద్యం వాయిస్తూ, పాడుతూ కూర్చున్నాడు. జిలూకు ఒళ్ళు మండి, మంచివాళ్ళకు కూడా ఈ గతి పడుతుందా అని నిలదీశాడు. పడుతుంది, కానీ మంచివాడు కష్టంలో గడ్డి తినడు అని జవాబు. నాకైతే జిలూ కోపమే న్యాయం అనిపించింది. ఆకలి సంగతి జూలైలో గూడేల్లో ఉన్నవాళ్ళకు చెప్పక్కర్లేదు.

చివరికి క్రీ.పూ. 484లో 68వ ఏట సొంత ఊరికి పిలిపించుకున్నారు. అప్పటికి రాన్ చ్యూ లూ రాజ్యంలో ఒక పెద్ద దొర దగ్గర అధికారి. అతను ఆ దొర కోసం ప్రజల మీద పన్నులు పెంచాడు. కన్ఫ్యూషియస్‌కు కోపం వచ్చి, వీడు నా శిష్యుడు కాడు, డప్పు కొట్టి వీణ్ణి ఎదిరించండి అని మిగతా శిష్యులకు చెప్పాడు. భయస్తుడని ముందుకు తోసింది ఇతన్నే, గుర్తుందా.

ఇంటికి వచ్చాక పుస్తకాలు, పాటలు, పిల్లలకు పాఠాలు. కానీ వరసగా చావులు చూడాల్సి వచ్చింది. ముందు కొడుకు లీ పోయాడు. తరవాత యాన్ హుయ్ పోయాడు. అప్పుడు కన్ఫ్యూషియస్ ఎంత ఏడ్చాడంటే, ఇది హద్దు దాటిన ఏడుపు అని శిష్యులే అన్నారు. ఇతని కోసం ఏడవక ఎవరి కోసం ఏడవను అన్నాడు. యాన్ హుయ్ తండ్రి వచ్చి, కొడుక్కి పైపెట్టె చేయించాలి, మీ బండి అమ్మి డబ్బివ్వండి అని అడిగాడు. నా సొంత కొడుక్కే పైపెట్టె చేయించలేదు, నేను మంత్రుల వెనక నడిచే మనిషిని, బండి లేకుండా కుదరదు అని కన్ఫ్యూషియస్ ఒప్పుకోలేదు. ఇక్కడ నాకు ఆయన అర్థం కాలేదు. అంత ప్రేమ ఉంటే బండి ఎంత? పెద్దవాళ్ళు ఎవరైనా చెప్పాలి.

క్రీ.పూ. 480లో వెయ్ రాజ్యంలో గొడవల్లో జిలూను చంపేశారు. కొట్లాటలో టోపీ తాడు తెగితే, ఆగి, అది మళ్ళీ కట్టుకుని చనిపోయాడు. గురువు నేర్పిన మర్యాద ఆ ఈకల టోపీ మనిషికి చివరి క్షణం దాకా ఉంది. అతని శరీరాన్ని శత్రువులు ముక్కలు చేశారని తెలిసి, కన్ఫ్యూషియస్ ఇంట్లో నిల్వ చేసిన కైమా మాంసం అంతా పారబోయించాడు.

మరుసటి ఏడు, క్రీ.పూ. 479లో ఆయన కూడా పోయాడు. చైనా లెక్కలో 73 ఏళ్ళు. చూఫూలో ఏటి ఒడ్డున పూడ్చారు. శిష్యులు మూడేళ్ళు అక్కడే ఉండి ఏడ్చి వెళ్ళారు. జిగాంగ్ మాత్రం సమాధి పక్కన గుడిసె వేసుకుని ఆరేళ్ళు ఉన్నాడు. శిష్యులు తమ తమ ఊళ్ళ నుంచి మొక్కలు తెచ్చి నాటారని చెబుతారు. ఇప్పుడు అక్కడ పెద్ద అడవే ఉంది. అందులో కాంగ్ వంశం వాళ్ళ సమాధులు లక్షకు పైగా ఉన్నాయి.

తరవాతి సంగతి గబగబా చెబుతాను, చార్టులో జాగా అయిపోతోంది. శిష్యులు, వాళ్ళ శిష్యులు కలిసి ఆయన మాటలను లున్ యు అనే పుస్తకంగా చేర్చారు. క్రీ.పూ. 213లో చిన్ చక్రవర్తి పాత పుస్తకాలు తగలబెట్టించాడు. తరవాత వచ్చిన హాన్ వంశం ఆయన్ని నెత్తిన పెట్టుకుంది. ఆయన చదువు మీద పరీక్షలు పెట్టి ఆఫీసర్లను ఎంచుకోవడం 1905 దాకా దాదాపు 1,300 ఏళ్ళు సాగింది. రైతు కొడుకు కూడా ఆ పరీక్ష రాసి మంత్రి కావచ్చు. కూతురు రాయడానికి లేదు.

అయినా ఒకామె ఉంది. పేరు బాన్ ఝావ్. అన్న బాన్ గు హాన్ వంశపు చరిత్ర రాస్తూ 92లో జైల్లో చనిపోతే, మిగిలిపోయిన పని ఆమె పూర్తి చేసింది. రాణికి పాఠాలు చెప్పింది. ఆడపిల్లలు అణిగి ఉండాలని ఆమే ఒక పుస్తకం రాసింది. అదే పుస్తకంలో మగపిల్లలకు చదువు చెప్పి ఆడపిల్లలకు చెప్పకపోవడం ఏంటని కూడా అడిగింది. రెండూ ఒక్కరే ఎలా రాశారో! ఆమె గురించి వచ్చే నెల మా క్లాసులో ఇంకొకరు రాస్తామన్నారు.

1966లో చైనాలో పాతవన్నీ నాశనం చేయాలని ఎర్ర దళాల కుర్రవాళ్ళు చూఫూ వచ్చి సమాధులు తవ్వేశారు, ఆయన సమాధి రాయి పగలగొట్టారు. మళ్ళీ అతికించి నిలబెట్టారు. ఆ పగుళ్ళు ఇప్పటికీ కనబడతాయట. 1994లో యునెస్కో ఆ గుడిని, సమాధులను, కాంగ్ వంశం భవనాన్ని ప్రపంచ వారసత్వంలో చేర్చింది.

కాంగ్ వంశం వాళ్ళకు పేర్లు రాసుకునే వంశ పుస్తకం ఉంది. తరతరాలుగా అందులో కొడుకుల పేర్లే రాస్తూ వచ్చారు. 2009లో కొత్తగా అచ్చు వేసినప్పుడు 20 లక్షలకు పైగా పేర్లు అయ్యాయి. చైనాలోని చిన్న తెగల్లో కలిసిపోయిన వారసుల పేర్లు కూడా చేర్చారు. ఆడపిల్లల పేర్లు మొదటిసారిగా అందులోనే ఎక్కించారు. 551, 2009 కలిపి లెక్క వేశాను. ఆయన పుట్టిన దాదాపు 2,560 ఏళ్ళకు.

– 9వ తరగతి విద్యార్థిని